నిచ్చెన పట్టుకునేవాడు

మార్చి 3, సోమవారం

ఈ డైరీని మందుల షాపాయన ఊరికే ఇచ్చాడు. ప్రతి పేజీ అడుగునా ఒక దగ్గు మందు సీసా బొమ్మ ఉంది. సంవత్సరం మొదలై రెండు నెలలైనా ఎవరూ తీసుకోలేదట. నాకు ఇప్పుడు పనికొచ్చింది. ఎవరికీ చెప్పకూడని సంగతి ఒకటుంది. దగ్గు మందుకి తెలిస్తే నష్టం లేదు.

బావ కాళ్ళు వణుకుతున్నాయి.

రాసేశాను. ఇంక నిద్ర పడుతుందేమో.

మార్చి 4, మంగళవారం

పట్టలేదు.

మార్చి 6, గురువారం

నిచ్చెన పట్టుకోవడం కూడా ఒక పనేనా అని నన్ను చాలామంది అడిగారు. పిల్లనిచ్చే ముందు మా మామగారు కూడా అడిగారు. పనే. బావ షాపులకి బోర్డులు రాస్తాడు, గోడల మీద పేర్లు రాస్తాడు. ఆయన పైన ఉంటాడు, నేను కింద ఉంటాను. రంగులు కలుపుతాను, కుంచెలు కడుగుతాను, రోడ్డు అవతలికి వెళ్ళి అక్షరం ఎటు ఒరిగిందో చెబుతాను. కానీ అసలు పని పట్టుకోవడమే.

నేను బావ ముఖం కన్నా అరికాళ్ళే ఎక్కువ చూశాను. ఎడమ మడమ మీద ఒక పగులుంది. ఏ మందు రాసినా పోదు. మా చెక్క నిచ్చెన నిలువు కర్రల్లోంచి పైన ఉన్న మనిషి కబుర్లన్నీ కిందికి దిగి వస్తాయి. బావకి ఆకలేస్తే నా చేతులకి తెలుస్తుంది. అక్కతో పోట్లాడి వచ్చిన రోజు మెట్ల మీద పగ తీర్చుకుంటాడు, అదీ తెలుస్తుంది. ఈ చలికాలం నుంచి కొత్త కబురు ఒకటి వస్తోంది. సన్నటి వణుకు. రెండు కర్రల్లోనూ ఉంటుంది కానీ కుడివైపు కర్రలో ఎక్కువ. అంటే కుడి కాలన్న మాట.

ఆయనకి యాభై ఎనిమిది. కాళ్ళు వణకడానికి అదేం వయసు కాదు. నాకు యాభై మూడు, నేను రాయిలా లేనూ?

మార్చి 8, శనివారం

అక్క ఇంట్లో భోజనం. బావ చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు అక్క మామూలుగా అనే మాటే మళ్ళీ అంది. "నువ్వు కింద ఉన్నావన్న ధైర్యంతోనే నేను ఇంట్లో కూర్చోగలుగుతున్నానురా."

గొంతులో ముద్ద అడ్డం పడింది. దగ్గాను. ఇంటికొచ్చాక డైరీలో దగ్గు మందు సీసా కనిపించింది. నాకు నవ్వు రాలేదు.

అసలు అక్కా బావల పెళ్ళికి పెద్దమనిషి నిచ్చెనే. మా ఇంటి కింద సైకిళ్ళ షాపుకి బోర్డు రాయడానికి వచ్చిన కుర్రాడికి నేను సరదాగా నిచ్చెన పట్టుకున్నాను. ఒక్క బోర్డుకి ఆయన వారం తీసుకున్నాడు. ఇంత నెమ్మదిగా రాస్తాడేమిటా అని తలెత్తి చూస్తే అక్షరం దగ్గర కుంచె లేదు, కిటికీ దగ్గర అక్క ఉంది. నేను వదిలేసి ఉంటే అప్పుడే పడేవాడు. వదల్లేదు. అప్పటినుంచీ వదల్లేదు.

మార్చి 11, మంగళవారం

రంగుల షాపులో గొడవైంది. టర్పెంటైన్ డబ్బా మూత తీసి వాసన చూశాను. ఏ వాసనా లేదు. నీళ్ళు కలిపి అమ్ముతున్నావా అని అడిగాను. షాపాయన డబ్బా తన ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళలో నీళ్ళు తెచ్చుకున్నాడు.

"దీనికి వాసన లేదంటావా? నా ముక్కు కాలిపోతోందయ్యా!"

"నాటకాలాడకు. పోయిన డబ్బా కూడా ఇంతే. ఎనామిల్ కూడా ఇంతే."

"ఇన్నేళ్ళుగా వస్తున్నావు కదా అని ఊరుకుంటున్నాను."

నేనూ ఇన్నేళ్ళుగా వస్తున్నాననే ఊరుకున్నాను. ఈ మధ్య అన్నిటిలోనూ ఇదే వరస. సబ్బుకి వాసన లేదు, పొద్దుటి కాఫీకి వాసన లేదు. లోకంలో మోసం పెరిగిపోయింది.

మార్చి 13, గురువారం

ఇవాళ అనుమానం తీరిపోయింది. రెండంతస్తుల ట్యూషన్ సెంటర్ వాళ్ళు పిలిస్తే బావ వెళ్ళి వద్దని చెప్పొచ్చాడు. ఎందుకన్నాను.

"మోకాళ్ళురా. పైకెక్కితే పట్టేస్తున్నాయి. ఇంక చిన్న చిన్న బోర్డులే చేసుకుందాం."

ఆ మాట చెబుతూ నా కళ్ళలోకి చూడలేదు, నా చేతులు చూశాడు. సిగ్గుపడే మనిషి ఎక్కడో ఒకచోట చూడాలి కదా. నాకు చాలా బాధేసింది. పొట్టమీద చెయ్యేసి చెబుతున్నాను, బావ సంపాదన తగ్గితే నాదీ తగ్గుతుంది. కానీ నాకు ఆ బాధ కాదు. ఆయనకి పైనుంచి ఊరిని చూడ్డం ఇష్టమని నాకు తెలుసు.

మార్చి 15, శనివారం

మా ఆవిడ సరుకుల చీటీ నా చేత రాయించి, షాపుకి వెళ్ళి, తిరిగొచ్చింది.

"ఏమండీ, ఇది రాతా, చీమల బారా? షాపతను భూతద్దం అడిగాడు."

పెన్ను బాగాలేదన్నాను. నిజంగానే బాగాలేదు. ఈ డైరీలో కూడా అక్షరాలు లైను మొదట్లో ఉన్నంత పెద్దగా చివర ఉండటం లేదు. ఊరికే ఇచ్చిన డైరీ కదా, గీతలు దగ్గర దగ్గరగా కొట్టారు.

"ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది. మొన్న టీ ఒలికితే కప్పు బాగాలేదన్నారు. చొక్కా గుండీ పట్టకపోతే దర్జీ బాగాలేడన్నారు."

"దర్జీ నిజంగానే బాగాలేడు."

"నవ్వుతూ చెప్పచ్చుగా ఆ ముక్క? పండగో చావో తెలీకుండా ఎప్పుడూ ఒకటే ముఖం."

నేను నవ్వుతూనే చెప్పాను. ఇంట్లో లైటు కొంచెం పెద్దది పెట్టాలి.

మార్చి 17, సోమవారం

ఒక ఉపాయం చేశాను. నిచ్చెన మెట్లు వదులయ్యాయి, బాగుచేయిస్తానని చెప్పి మా ఇంటికి తెచ్చేశాను. నిచ్చెన లేకపోతే బావ ఎక్కడు, ఎక్కకపోతే పడడు. నేను వాదనకి సిద్ధమై వెళితే బావ వాదించలేదు.

"చేయించు. నింపాదిగానే చేయించు. తొందరేముంది?"

పాపం, ఆయనకీ నెత్తిమీది బరువు దిగినట్టుంది. నెత్తిమీద కాదు, మోకాళ్ళ మీద.

మెట్లన్నీ సుత్తితో కొట్టి చూశాను. ఒక్కటి కూడా వదులుగా లేదు.

మార్చి 20, గురువారం

నిచ్చెనకి మనుషులు ఎక్కడం ఒక్కటే పని అనుకున్నాను. మా ఆవిడ దాన్ని వరండాలో అడ్డంగా పెట్టి దుప్పట్లు ఆరేసింది. పక్కింటాయన కాలవ మీద పరుచుకుని సైకిలు దాటించుకున్నాడు. చెట్టెక్కి దిగని పిల్లి కోసం ఎదురింటివాళ్ళు అడిగి తీసుకెళ్ళారు. నిచ్చెన వేసేసరికి పిల్లి దానంతటదే దిగి దాన్ని వాసన చూసి వెళ్ళిపోయిందట. దాని ముక్కు బాగానే ఉన్నట్టుంది. మంగలి దగ్గరికి వెళితే వాడు తమ్ముడి మీద పడి ఏడుస్తున్నాడు, "పైకి రావడానికి నన్ను నిచ్చెనలా వాడుకుని తన్నేశాడు" అని. వాడుకోవడంలో తప్పేముంది, అది ఉన్నదే అందుకు కదా అన్నాను. తన్నేయడం వేరే సంగతి. వాడు నా చెవి పక్క కొంచెం ఎక్కువ కత్తిరించాడు.

నిచ్చెన ఇంట్లో ఉన్న ఈ నాలుగు రోజులూ హాయిగా నిద్రపోయాను.

మార్చి 24, సోమవారం

గోరుచుట్టు మీద రోకటిపోటు. చెప్పుల షాపు ఓనరు కొత్త మేడ కట్టాడు. రెండో అంతస్తు గోడ మీద షాపు పేరు రాయాలట, అవతలి వీధికి కూడా కనపడేంత పెద్ద అక్షరాలు. సరాసరి అక్క ఇంటికే వచ్చాడు.

"నాకు మోకాళ్ళు," అన్నాడు బావ.

"నాకు నడుము," అన్నాను నేను. ఆయన పరువు కాపాడదామని.

ఓనరు ఇద్దరినీ కింది నుంచి పైదాకా చూశాడు. "ఇద్దరూ కలిపి ఒక మనిషన్నా అవుతారా?"

అక్కకి పౌరుషం వచ్చింది. "ఊళ్ళో సగం బోర్డులు మావాళ్ళు రాసినవే. గురువారం వస్తారు," అంది. బావ నా వంక చూశాడు. నేను బావ వంక చూశాను. అక్క మాటకి ఎదురు చెప్పిన చరిత్ర మా ఇద్దరికీ లేదు.

మార్చి 26, బుధవారం

రేపు.

మార్చి 27, గురువారం

చెప్పుల షాపు. బావ ఎక్కాడు. నేను పట్టుకున్నాను. ఎనిమిదో మెట్టు దాటగానే మొదలైంది. పళ్ళు బిగించి, పాదాలు కర్రలకి ఆనించి, ఒళ్ళంతా బరువేసి పట్టుకున్నాను. గట్టిగా పట్టుకునేకొద్దీ ఎక్కువైంది. పైన మెట్టుకి కట్టిన రంగు డబ్బా టకటకమని కొట్టుకుంటోంది. నేను బావ మడమలే చూస్తున్నాను. నిలకడగానే కనిపించాయి. బయటికి కనపడని వణుకు మరీ ప్రమాదం.

మూడో అక్షరం అయ్యాక ఓనరు రోడ్డు మీదికి వెళ్ళి చూసి కేకేశాడు. "ఏమిటయ్యా అది, నీళ్ళలో పడ్డట్టుంది అక్షరం?"

నేనూ వెళ్ళి చూశాను. నిజమే. నిలువు గీత నిలువుగా లేదు, వంకర్లు పోయింది. బావ చేతిలో నుంచి అలాంటి గీత రావడం నా జన్మలో చూడలేదు.

"ఎవరికయ్యా వణుకు?" అన్నాడు ఓనరు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నేను చేతులు రెండూ జేబుల్లో పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నానో తెలియదు. చలి కూడా లేదు.

"నాకే," అన్నాడు బావ పైనుంచి. "నా కాలే. రేపొచ్చి దిద్దుతాను."

అంతమంది ముందు ఒప్పుకున్నాడు. ఇంక లాభం లేదు. అక్కకి చెప్పేస్తాను. ఆయనకి కోపం వచ్చినా సరే, నాతో మాట్లాడకపోయినా సరే. నిచ్చెనని షాపు వెనక గోడకి ఆనించి వచ్చేశాం. రేపు పొద్దున్నే వెళ్ళి నిచ్చెనని ఆఖరిసారి సరిచూసుకుని, లోపం దానిది కాదని ఖాయం చేసుకుని, అప్పుడు అక్క దగ్గరికి వెళతాను.

మార్చి 28, శుక్రవారం

షాపు ఇంకా తెరవలేదు. వెనక దొడ్లో ఎవరూ లేరు. నిచ్చెన కాళ్ళ కింద నేల చూశాను, గట్టిగానే ఉంది. గోడకి సరిగ్గానే ఆనింది. ఎప్పుడూ పట్టుకునే చోటే రెండు చేతులూ వేసి పట్టుకున్నాను. కళ్ళు మూసుకున్నాను, వినడానికి.

వణుకు వచ్చింది. అదే వణుకు. కుడివైపు ఎక్కువ.

కళ్ళు తెరిచి పైకి చూశాను. నిచ్చెన మీద ఎవరూ లేరు.

గాలి ఉందేమోనని చూశాను. తీగ మీద ఆరేసిన గుడ్డ కదలడం లేదు. చేతులు తీశాను. నిచ్చెన ఊరుకుంది. మళ్ళీ వేశాను. పై కొస గోడకి చిన్నగా టకటకమని కొట్టుకుంది. ఇలా చాలాసార్లు చేశాను. ప్రతిసారీ నిచ్చెన ఒకటే మాట చెప్పింది.

వెనక దగ్గు వినిపించింది. బావ. రంగు డబ్బా పట్టుకుని దొడ్డి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో.

"ఎప్పట్నుంచి తెలుసు?" అన్నాను.

"చలికాలం నుంచి."

"మరి నీ మోకాళ్ళు?"

"నా మోకాళ్ళకేమైంది? గుర్రం మోకాళ్ళు."

"తెలిసి ఎలా ఎక్కావు బావా? నిన్న రెండో అంతస్తు దాకా ఎలా ఎక్కావు?"

బావ డబ్బా కింద పెట్టాడు. ఇదేం ప్రశ్న అన్నట్టు చూశాడు.

"నువ్వు పట్టుకున్నావు కదరా."

నాకు ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ బావ పడతాడేమోనని భయపడ్డాను. అది ఒక భయం. నా చేతుల్లోంచే పడేవాడన్నది ఇంకో భయం. అది ఇప్పుడు రాస్తుంటే కూడా పోలేదు.

"పడితే?" అన్నాను.

"పడితే నీమీదే పడతాను. బామ్మర్దివి, ఆ మాత్రం మెత్తగా ఉండవూ?"

నేను నవ్వాను. బావ నా ముఖంలోకి వంగి చూసి, "నవ్వావా ఇప్పుడు?" అన్నాడు. నవ్వానన్నాను. "అదీ చూస్తున్నాను చాలా రోజుల నుంచి," అన్నాడు. ఇద్దరం నిచ్చెన పక్కనే నేలమీద కూర్చున్నాం. ఓనరు వచ్చి షాపు తలుపు తీసేదాకా కూర్చున్నాం.

మార్చి 29, శనివారం

అక్కకి ఇద్దరం కలిసి చెప్పాం. ముందు ఏడ్చింది. తరవాత మొదలుపెట్టింది.

"ఈయనకి వణుకని వీడు నాకు చెప్పడు! వీడికి వణుకని ఈయన నాకు చెప్పడు! నేనేమో కింద తమ్ముడున్నాడు, కొండంత అండ అని ఇంట్లో హాయిగా బియ్యం ఏరుకుంటూ కూర్చున్నాను! మీ ఇద్దరికీ ఆ నిచ్చెనకున్న బుద్ధి కూడా లేదు."

  చివరికి అక్క నా కుడిచెయ్యి తన రెండు చేతుల మధ్య పెట్టుకుని గట్టిగా నొక్కి పట్టుకుంది. వణుకు కాసేపు ఆగింది. వదిలింది. మళ్ళీ మొదలైంది. అక్క మళ్ళీ పట్టుకుంది.

ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను.  ఆమె మద్దెల సామెత అనలేదు. అంటే బాగుండేది.

ఏప్రిల్ 2, బుధవారం

డాక్టరు పెద్దామె. నన్ను గదిలో అటూ ఇటూ నడిపించింది. వేళ్ళు కలిపి విడదీయమంది. ఒక వాక్యం రాయమంది. రాశాను. లైను మొదలు నుంచి చివరికి వేలు జరిపి చూసింది.

"వాసనలు తెలుస్తున్నాయా?"

కల్తీ ఎక్కువైందని చెప్పాను. ఆమె మా ఆవిడ వంక చూసింది.

"ముఖంలో నవ్వు తగ్గిందా?" ఇది మా ఆవిడని అడిగింది.

"పెళ్ళినాటికే తక్కువండీ. ఇప్పుడు బొత్తిగా లేదు."

జబ్బు పేరు చెప్పింది. పొడుగ్గా ఉంది, ఇక్కడ రాయను. రంగుల షాపాయన, దర్జీ, పెన్ను, కప్పు, డైరీ గీతలు, అందరూ ఒక్కసారిగా నిర్దోషులయ్యారు. తగ్గదట, మందులతో నెమ్మదిస్తుందట. పనేమిటని అడిగింది. చెప్పాను. 

"ఇంకేదైనా పని చూసుకోగలరా?" అంది.

నాకు ఇంకో పని రాదన్నాను.

పెద్ద అక్షరాలు రాయడం అలవాటు చేసుకోమంది. ఈ పేజీలో ఒక లైను వదిలి ఒక లైను రాస్తున్నాను.

ఏప్రిల్ 3, గురువారం

రంగుల షాపాయనకి క్షమాపణ చెప్పాను. ఎందుకో చెప్పలేదు. ఆయన కంగారుపడి టీ తెప్పించాడు.

ఏప్రిల్ 5, శనివారం

బావ రాలేదు. నేనూ వెళ్ళలేదు. చెప్పుల షాపు గోడ మీద ఆ మూడో అక్షరం అలాగే ఉంది. అటు నుంచి వెళ్ళాల్సిన పని లేకపోయినా రెండుసార్లు వెళ్ళి చూశాను.

ఇంకెవరినైనా పెట్టుకోమని నేనే చెప్పాలి. రేపు చెబుతాను.

ఏప్రిల్ 6, ఆదివారం

చెప్పలేదు.

ఏప్రిల్ 7, సోమవారం

చెప్పాను. బావ విని, "సరే, ఒకణ్ణి చూశాన్లే. మనిషి కొంచెం లావు. రేపు వస్తాడు, నువ్వు కూడా రా," అన్నాడు.

సరే అన్నంత మాత్రాన ఇంత నొప్పిగా ఉంటుందని అనుకోలేదు. వెళ్ళకూడదనుకున్నాను.

ఏప్రిల్ 8, మంగళవారం

వెళ్ళాను.

చెప్పుల షాపు దగ్గర బావ తప్ప ఇంకెవరూ లేరు. బావ అప్పటికే ఇంకో నిచ్చెనతో ఎక్కి రెండో అంతస్తు కిటికీ ఊచలకి మా నిచ్చెన తలని తాడుతో కట్టేశాడు. కింద కాళ్ళ దగ్గర రెండు మేకులు దిగ్గొట్టాడు. మనిషెక్కడన్నాను.

"ఇదిగో," అని నన్ను భుజం పట్టి తిప్పి, నిచ్చెన మొదటి మెట్టు మీద కూర్చోబెట్టాడు. నా వీపు నిచ్చెనకి, ముఖం రోడ్డుకి. "పైన తాడు పట్టుకుంటుంది. కింద బరువుండాలి. నీకు చేతులే కదరా పని చేయనివి. బరువు పోయిందా? పోయినేడాది కన్నా పెరిగింది."

"నేను వణికితే?"

"ఒళ్ళు వణుకుతోందా, చేతులా?"

"చేతులు."

"అయితే వాటిని కర్రల మీద వేయకు. ఒళ్ళో పెట్టుకో."

నా తల పక్కనుంచి, భుజం మీదుగా కాళ్ళు వేసుకుంటూ ఎక్కాడు. ఎడమ మడమ పగులు నా చెవి పక్కనుంచి వెళ్ళింది. ఆ తరవాత వీపుతో విన్నాను. ఒక్కో మెట్టు. ఎనిమిదో మెట్టు దాటాడు. ఏ వణుకూ రాలేదు. ఆయన కాళ్ళు నిజంగానే గుర్రం కాళ్ళు. ఇన్నాళ్ళూ ఆ కాళ్ళమీద ఎన్ని నిందలు వేశానో ఈ డైరీకి తెలుసు.

ఓనరు బయటికొచ్చాడు. చెప్పుల పెట్టె పట్టుకుని నా ముందు నిలబడ్డాడు.

"ఏమయ్యా, పని చేయకుండా కూర్చున్నావేం?"

పైనుంచి బావ అన్నాడు. "కూర్చోలేదండీ. నిచ్చెన పట్టుకున్నాడు."

ఓనరు నా చేతులు చూశాడు. నేనూ చూశాను. ఒళ్ళో వాటి పని అవి చేసుకుంటున్నాయి.

మధ్యాహ్నానికి బావ మూడో అక్షరం మొత్తం చెరిపి మళ్ళీ రాశాడు. కుంచె దులిపిన చుక్కలు రెండు నా మోకాలి మీద పడ్డాయి. వంగి వాసన చూశాను. ఏమీ లేదు.

"ఎలా వచ్చిందిరా?" అన్నాడు పైనుంచి.

ఎలా వచ్చిందో చెప్పాలంటే రోడ్డు అవతలికి వెళ్ళి చూడాలి. ఇన్నేళ్ళూ అలాగే చూసి చెప్పాను. కానీ ఇప్పుడు లేస్తే నిచ్చెన తేలికైపోతుంది.

"తిన్నగా ఉంది బావా," అన్నాను, కూర్చున్నచోటి నుంచి.